ఫుజీ సోతా ఎలా ఎక్కాడు, ఎక్కడ ఆగాడు

మీరు అడిగింది ఇది: షోగి అనే జపాన్ చదరంగం ఆడే ఫుజీ సోతా అనే కుర్రాడు 14 ఏళ్ళకే ప్రొఫెషనల్ అయ్యాడట, 21 ఏళ్ళకే ఉన్న టైటిళ్ళన్నీ గెలిచేశాడట, అదెలా సాధ్యం? అసలది ఉద్యోగమేనా, దాంతో బతకొచ్చా? మరి చదువు సంగతి?

నేనుండేది నగోయాలో. ఫుజీ సొంతూరు సెతో ఇక్కడికి దగ్గరే, లోకల్ రైల్లో వెళ్ళి రావచ్చు. ఆదివారాలు ఇక్కడి షోగి క్లబ్బులో రిటైరైన పెద్దవాళ్ళ చేతిలో ఓడిపోతూ ఆట నేర్చుకున్నవాణ్ణి. 2016 నుంచి అతని ఆటలు వదలకుండా చూస్తున్నాను కాబట్టి కొంచెం వివరంగానే చెబుతాను.

ముందు ఉద్యోగం సంగతి. అవునండీ, ఉద్యోగమే. ఇంకా చెప్పాలంటే సీట్లు లెక్కపెట్టి ఇచ్చే ఉద్యోగం. మన చెస్‌లో గ్రాండ్‌మాస్టర్ కావాలంటే నార్ములు (టోర్నీల్లో నిర్ణీత స్థాయి ఫలితాలు), రేటింగ్ సంపాదిస్తే చాలు. ఆ ఏడాది ఇంకో నలభై మంది అయినా మీకొచ్చే నష్టం లేదు. మన వరంగల్ అర్జున్ 14 ఏళ్ళకే గ్రాండ్‌మాస్టర్ అయ్యాడు, ఎవరి సీటూ లాక్కోలేదు. షోగిలో అలా కుదరదు. ప్రొఫెషనల్ కావాలంటే షోరెయ్‌కై అనే శిక్షణ వ్యవస్థలో చేరాలి. చేరడానికే ఒక ప్రొఫెషనల్ ఆటగాడు గురువుగా ఉండి పూచీ పడాలి. క్యూలు కింది మెట్లు, దాన్‌లు పై మెట్లు. కింద ఆరో క్యూ నుంచి ఒకటో క్యూ దాకా, ఆపైన మొదటి దాన్ నుంచి మూడో దాన్ దాకా ఎక్కాలి. అక్కడ ఆరు నెలల లీగ్ ఉంటుంది. ఒక్కొక్కరూ 18 ఆటలు ఆడతారు. ముప్పై, నలభై మంది ఆడితే మొదటి ఇద్దరే నాలుగో దాన్‌కి వెళతారు. నాలుగో దాన్ అంటేనే ప్రొఫెషనల్. అంటే మామూలుగా ఏడాదికి నలుగురు.

పైగా వయసు గడువు ఉంది. 21 నిండేలోపు మొదటి దాన్, 26 నిండేలోపు నాలుగో దాన్ రావాలి. లీగ్‌లో ఓటముల కంటే గెలుపులు ఎక్కువుంటే కొంత పొడిగింపు ఇస్తారు, అదీ 29 దాకానే. తర్వాత ఇంటికే. పదేళ్ళ వయసులో చేరి, పదిహేనేళ్ళు ఇదే పనిగా ఆడి, 26 ఏళ్ళకు చేతిలో డిగ్రీ కూడా లేకుండా బయటికొచ్చిన వాళ్ళు చాలామంది ఉన్నారు. షోరెయ్‌కైలో ఉన్నన్నాళ్ళూ జీతం ఉండదు. పెద్దల ఆటలకు ఎత్తులు రాసే రికార్డు పని చేస్తే కాస్త ముడుతుంది. ఆ పనికి వెళ్ళిన కుర్రాడు రోజంతా బోర్డు పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, గడియారం చూస్తూ, మిగిలిన సెకన్లు పైకి చదువుతూ ఉండాలి. కష్టమైన పనే గానీ, అంత దగ్గర్నుంచి పై స్థాయి ఆట చూసే అవకాశం ఇంకెవరికీ దొరకదు.

వెనక తలుపు ఒకటుంది. బయటివాళ్ళు ప్రొఫెషనల్స్‌తో ఆడే అధికారిక ఆటల్లో మంచి ఫలితాలు తెచ్చుకుంటే ప్రవేశ పరీక్ష రాయొచ్చు. రాయడమంటే ఆడటమే: కొత్తగా ప్రొఫెషనల్స్ అయిన ఐదుగురితో ఆడి మూడు గెలవాలి. మహిళలకు వేరే ప్రొఫెషనల్ విభాగం ఉంది గానీ ఈ ప్రధాన విభాగంలోకి ఇంతవరకూ మహిళ ఎవరూ రాలేదు. నిషియామా తొమోకా మూడో దాన్ లీగ్‌లో 18కి 14 గెలిచి కూడా మూడో స్థానంలో నిలిచి సీటు పోగొట్టుకుంది. 2025 జనవరిలో ప్రవేశ పరీక్షలో 2-3తో ఆగిపోయింది. ఆ ఆఖరి ఆట రోజు మా క్లబ్బులో పెద్దవాళ్ళు సైతం తమ ఆటలు ఆపేసి ఫోన్లు పట్టుకు కూర్చున్నారు.

ఇప్పుడు ఫుజీ విషయానికి వద్దాం. 2002 జులై 19న పుట్టాడు. ఐదేళ్ళప్పుడు అమ్మమ్మ తాతయ్యల దగ్గర ఆట మొదలైంది. ఎనిమిదేళ్ళప్పుడు నగోయాలో ఒక కార్యక్రమంలో తనిగావా కోజీ అనే పెద్ద ఛాంపియన్ ఒకేసారి చాలామంది పిల్లలతో ఆడుతున్నాడు. టైమైపోతోంది కదా, డ్రా చేసుకుందామా అన్నాడు. ఈ పిల్లాడు బోర్డు మీద వాలిపోయి ఏడుపు లంకించుకున్నాడు. నిజానికి ఆ ఆటలో పిల్లాడి పరిస్థితే బాగాలేదు! ఈ కథ ఇక్కడ తెలియనివాళ్ళు లేరు.

నా దృష్టిలో అంతకంటే ముఖ్యమైనది ఇంకొకటి. త్సుమె షోగి అని కట్టు పెట్టే పజిళ్ళుంటాయి. వరసగా చెక్ ఇస్తూ రాజును కట్టెయ్యాలి, అంతే. వాటిని పరిష్కరించడంలో ఏటా పోటీ జరుగుతుంది, ప్రొఫెషనల్స్ కూడా ఆడతారు. 2015లో, ఇంకా ఆరో తరగతిలో ఉండగానే, ఫుజీ ఆ పోటీ గెలిచాడు. తర్వాత 2019 దాకా ప్రతి ఏడూ అతనే. షోగిలో చంపిన పావును దాచుకుని మన పావుగా మళ్ళీ బోర్డు మీద పెట్టుకోవచ్చు. అందుకే చెస్‌లోలాగా ఆట చివర పావులు తగ్గిపోయి నెమ్మదించదు, చివరికొచ్చేసరికి ఇంకా చిక్కుపడుతుంది. డ్రాలు బహు అరుదు. అలాంటి చోట ఇరవై, ముప్పై ఎత్తుల కట్టును తప్పు లేకుండా చూడగలిగినవాడికి ఎదుటివాడు ఎప్పుడూ భయపడుతూనే ఆడాలి.

2012లో నగోయా ఆటగాడు సుగిమోతో మసతాకా దగ్గర శిష్యుడిగా చేరాడు. గురువు అనగానే రోజూ కూర్చోబెట్టి నేర్పిస్తాడనుకోకండి. షోగిలో గురువు ఎక్కువగా పెద్దదిక్కు. మంచి అలవాట్లు చెబుతాడు, ఆటను నడిపే షోగి సంఘంలో మాట సాయం చేస్తాడు, అడ్డు రాకుండా ఉంటాడు. నగోయాలో షోరెయ్‌కై లేదు, ఆటలన్నీ ఒసాకాలో. కుర్రాడు బడి చూసుకుంటూ అక్కడికి తిరిగాడు. 2016లో మూడో దాన్ లీగ్‌లో మొదటిసారే 13-5తో మొదటి స్థానం తెచ్చుకుని, అక్టోబరు 1న 14 ఏళ్ళ 2 నెలలకు ప్రొఫెషనల్ అయ్యాడు. 1954లో కాతో హిఫుమి 14 ఏళ్ళ 7 నెలలకు పెట్టిన రికార్డు అలా పోయింది. ఆ డిసెంబరు 24న మొదటి అధికారిక ఆట ఎవరితో అనుకున్నారు? ఆ కాతోతోనే. అప్పటికి ఆయనకు 76. కుర్రాడే గెలిచాడు.

తర్వాత జరిగింది జపానంతా చూసింది. ఆ ఆటతో మొదలుపెట్టి వరసగా 29 గెలుపులు. 2017 జూన్ 26న మసుదా యసుహిరోను ఓడించడంతో 28 గెలుపుల పాత రికార్డు దాటింది. రాత్రిపూట వీధుల్లో పత్రికల ప్రత్యేక సంచికలు పంచారు. టీవీల వాళ్ళు అతను మధ్యాహ్నం ఏం తెప్పించుకు తిన్నాడో కూడా వార్త చేశారు. చిన్నప్పుడు ఆడుకున్న చెక్క దిమ్మెల బొమ్మ అంగళ్ళలో దొరకకుండా పోయింది. (మన తల్లిదండ్రుల లాంటివాళ్ళే ఇక్కడా ఉన్నారన్నమాట.) 2018 ఫిబ్రవరిలో అసాహీ కప్పు సెమీస్‌లో హబు యోషిహరు అనే దిగ్గజాన్ని, ఫైనల్లో హిరోసె అకిహితోను ఓడించి 15 ఏళ్ళకే కప్పు తీసుకున్నాడు. ఆ ఫైనల్‌కు బోర్డు పక్కన కూర్చుని ఎత్తులు రాసిన కుర్రాడి పేరు ఇతో తకుమి. పేరు గుర్తుంచుకోండి.

ఇక్కడిదాకా అందరూ చెప్పేదే. ఫుజీని అర్థం చేసుకోవాలంటే 29 గెలుపులు కాదు, 2018-19 చూడమంటాను నేను.

షోగిలో రెండు రకాల దార్లున్నాయి. ఒకటి నాకౌట్ దారి. వరసగా గెలిస్తే కొత్తవాడైనా ఒక్క ఏడాదిలో టైటిల్ పోరు (టైటిల్ ఉన్నవాడితో ఆడే ఆటల వరస) దాకా వెళ్ళొచ్చు. రెండోది ర్యాంకింగ్ లీగ్, కింద సీ2 నుంచి సీ1, బీ2, బీ1, పైన 'ఏ' దాకా ఐదు మెట్లు. ఏడాదికి ఒక మెట్టే. ఆ 'ఏ' గ్రూపులో మొదట వచ్చినవాడికే మెయిజిన్‌తో ఆడే హక్కు. మెయిజిన్ అనేది 400 ఏళ్ళ నాటి బిరుదు, ఆటగాళ్ళు దేవుడి గదిలో పెట్టుకునేలాంటిది. మీరెంత మేధావైనా సరే, లోకంలో అందరినీ ఓడించగలిగినా సరే, మొదటి మెట్టు నుంచి మెయిజిన్ దాకా రావాలంటే కనీసం ఐదేళ్ళు పడుతుంది. తొందర పనికిరాదు.

ఫుజీ సీ2ను 10-0తో దాటాడు. సీ1లో పదిలో తొమ్మిది గెలిచి, కొందో సెయ్యాతో ఒక్కటి ఓడాడు. 9-1తో నలుగురు సమానంగా నిలిచారు. పైకి వెళ్ళేది ఇద్దరే. సమానమైతే కిందటేడాది ర్యాంకు చూస్తారు. అప్పుడే వచ్చిన ఫుజీ ర్యాంకు ఎక్కడో కింద. పైకి వెళ్ళిన ఇద్దరిలో ఒకరు కొందో, రెండోవారు అప్పటికి 50 ఏళ్ళున్న సుగిమోతో. అంటే ఇతని గురువే! శిష్యుడు పదిలో తొమ్మిది గెలిచి ఆగిపోయాడు, గురువు అన్నే గెలిచి ఎక్కాడు. ఆ ఒక్క ఓటమి ఖరీదు సరిగ్గా ఒక సంవత్సరం. మరుసటేడాది మళ్ళీ సీ1 ఆడి 10-0, తర్వాత బీ2లోనూ 10-0. ఒక్క ఆటకు ఏడాది జరిమానా వేసే చోట రెండేళ్ళు వరసగా ఒక్కటీ ఓడకపోవడం నాకైతే 29 గెలుపుల కంటే గొప్పగా కనిపిస్తుంది.

2019 నవంబరు 19 ఇంకో దెబ్బ. ఓషో టైటిల్ లీగ్ ఆఖరి ఆట, హిరోసెతో. గెలిస్తే టైటిల్‌కు పోటీ పడే అతి పిన్న వయస్కుడు అవుతాడు. చేతిలో టైమ్ అయిపోయింది, చెక్ వచ్చింది. రాజును తప్పు వైపు జరిపాడు, కట్టు పడింది. పజిళ్ళ ఛాంపియన్ కట్టు చూడలేకపోయాడు! ఆ రోజు చాలామంది 'ఇక ఆ రికార్డు రాదు' అనుకున్నారు.

నిజంగానే రాకుండా పోయేదే. 2020 వసంతంలో కోవిడ్ వచ్చింది. దూర ప్రయాణాల ఆటలు వాయిదా వేశారు. నగోయా పక్కనుండే ఇతనికి టోక్యో, ఒసాకా రెండూ దూరమే, కాబట్టి ఆటలే లేవు. రికార్డు గడువు మాత్రం దగ్గరపడుతోంది. జూన్ 2న మళ్ళీ మొదలైంది. ఆ రోజు కిసెయ్ టైటిల్ సెమీస్, 4న ఫైనల్లో నగాసె తకుయాను ఓడించాడు. యషికి నొబుయుకి పాత రికార్డును నాలుగంటే నాలుగు రోజుల తేడాతో దాటాడు. నాలుగు రోజులు తిరక్కుండానే, జూన్ 8న, అప్పటి కిసెయ్ వతనాబె అకిరాతో టైటిల్ పోరు మొదటి ఆట.

ఆ పోరు రెండో ఆటలో వెండి పావుతో ఒక ఎత్తు వేశాడు. చూడ్డానికి వట్టి రక్షణ ఎత్తు, పిరికి ఎత్తనే అనిపిస్తుంది. బలమైన సాఫ్ట్‌వేర్ మొదట దాన్ని పట్టించుకోలేదు. 60 కోట్ల స్థితులు లెక్కించాక గానీ అదే అన్నిటికంటే మంచి ఎత్తని తేల్చలేదు. ఫుజీ దానికి తీసుకున్నది 23 నిమిషాలు. ఇది విని 'మనిషి కంప్యూటర్‌ను మించాడు' అని రాసేవాళ్ళున్నారు. అది అతిశయోక్తి. అతను అన్ని కోట్లు లెక్కపెట్టలేదు. ఎదుటివాడి దాడికి ఏ చోట ఊపిరి ఆడదో చూశాడు, అంతే. జులై 16న 3-1తో కిసెయ్ గెలిచాడు. పద్దెనిమిది నిండడానికి ఇంకా మూడు రోజులుంది.

చదువు అడిగారు. నగోయా విశ్వవిద్యాలయానికి అనుబంధంగా ఉండే బడిలోనే చదివాడు. 2021 జనవరి ఆఖరున, హైస్కూలు పూర్తి కావడానికి ఇంక రెండు నెలలైనా లేదనగా మానేశాడు. ఆట మీదే పూర్తిగా దృష్టి పెట్టాలని చెప్పాడు. అప్పటికి చేతిలో రెండు టైటిళ్ళున్నాయి. 'ఆ రెండు నెలలు ఆగితే ఏం పోయింది' అని నా భార్య ఇప్పటికీ అంటుంది. నాకైతే తప్పనిపించలేదు. కానీ దీన్ని ఉదాహరణగా తీసుకుని పిల్లల్ని బడి మాన్పించేవాళ్ళు ముందు చెప్పిన 26 ఏళ్ళ గడువు దగ్గర ఆగి ఒకసారి ఆలోచించాలి. అతను మానేసింది సీటు, టైటిళ్ళు వచ్చాక.

డబ్బు విషయం. టైటిళ్ళు ఎనిమిది: ర్యూఓ, మెయిజిన్, ఓయి, ఓజా, కిఓ, ఎయిఓ, ఓషో, కిసెయ్. ఎక్కువ వాటికి డబ్బు పెట్టేది వార్తాపత్రికలు. యోమియురి, అసాహీ, మైనిచి, నిక్కెయ్ లాంటివి. ఆట హక్కులు కొనుక్కుని రోజూ ఎత్తులతో సహా అచ్చు వేస్తాయి. అన్నిటికంటే పెద్దది ర్యూఓ, విజేతకు 4 కోట్ల 40 లక్షల యెన్లు. ఫుజీ 2023 సంపాదన 18 కోట్ల 63 లక్షల యెన్లని సంఘం ప్రకటించింది. మన లెక్కలో పది కోట్ల రూపాయలు పైమాటే. అప్పటికి షోగి చరిత్రలో అన్నిటికంటే ఎక్కువ అదే. అయితే ఇది ఒక్కడి సంగతి. ఆడుతున్న ప్రొఫెషనల్స్ సుమారు 170 మంది. అందరికీ ఆటకింత అని వస్తుంది, కింది మెట్లలో ఉన్నవాళ్ళు పిల్లలకు నేర్పుకుంటూ, వ్యాఖ్యానం చెప్పుకుంటూ మధ్యతరగతి బతుకే బతుకుతారు. పత్రికల అమ్మకాలు ఏటా తగ్గుతున్నాయి, అది అసలు బెంగ. ఇంటర్నెట్ ప్రసారాలు, మిఠాయి కంపెనీలు ఆ లోటు కొంత పూడుస్తున్నాయి. ఎయిఓకు ఇప్పుడు ప్రధాన పోషకులు ఫుజియా అనే మిఠాయి కంపెనీయే.

సాధన ఎలా చేస్తాడన్నది కూడా చెప్పాలి. కంప్యూటర్లు సొంతంగా విడిభాగాలు కొని కట్టుకుంటాడు, సాఫ్ట్‌వేర్‌తో ఆరంభాలు తవ్వుతాడు. ఆ పని ఇప్పుడు అందరూ చేస్తున్నారు. అదనంగా ఉన్నది నగాసె. 2017లో ఒక ప్రదర్శన సిరీస్‌లో ఈ కుర్రాడు ఏడుగురు గట్టివాళ్ళలో ఆరుగురిని, హబుతో సహా, ఓడించాడు. ఓడించలేకపోయిన ఒక్కడు నగాసె. తనకంటే పదేళ్ళు చిన్నవాడైనా కలిసి సాధన చేద్దామని నగాసెయే అడిగాడు. అప్పటినుంచి ఇద్దరూ గదిలో కూర్చుని ఆడుకుంటూనే ఉన్నారు. టైటిళ్ళ కోసం కొట్టుకుంటూనే ఉన్నారు.

2021లో ఎయిఓ, ర్యూఓ తొయోషిమా అనే ఆటగాడి నుంచి, 2022లో ఓషో, 2023 మార్చిలో కిఓ వతనాబె నుంచి తీసుకున్నాడు. 2023 జూన్ 1న వతనాబెనే ఓడించి 20 ఏళ్ళ 10 నెలలకు మెయిజిన్ అయ్యాడు. 1983 నుంచి తనిగావా పేరున ఉన్న 21 ఏళ్ళ 2 నెలల రికార్డు పోయింది. సీ1లో పోగొట్టుకున్న ఏడాదిని కలుపుకుని కూడా దాటాడు చూడండి. ఇక మిగిలింది ఓజా ఒక్కటే. అది ఉన్నది నగాసె చేతిలో.

అక్టోబరు 11న క్యోతోలో నాలుగో ఆట. ఆఖర్లో నగాసె గెలిచిపోయాడనే అందరం అనుకున్నాం. తెర మీద అంచనా పట్టీ (ఎవరు గెలిచేలా ఉన్నారో సాఫ్ట్‌వేర్ లెక్క చూపేది) 99 శాతం అటే చూపిస్తోంది. ఎత్తుకు ఒక్క నిమిషమే ఉంది. నగాసె తప్పు ఎత్తు వేశాడు. వేసిన వెంటనే తెలిసిపోయింది, జుట్టు పీక్కున్నాడు. ఫుజీ ఎనిమిది టైటిళ్ళూ పూర్తి చేశాడు. 1996లో హబు అప్పుడున్న ఏడూ గెలిచాడు, ఎనిమిది ఎవరూ గెలవలేదు. కానీ ఆ ఆట చూసినవాళ్ళెవరూ వెంటనే సంబరపడలేకపోయారు. ఆటయ్యాక ఫుజీ కూడా తన ఆట ఎక్కడ చెడిందో చెప్పుకున్నాడు తప్ప పెద్ద మాటలేమీ అనలేదు.

ఇప్పుడు ఇతో తకుమి. ఫుజీ కంటే మూడు నెలలు చిన్న. మూడో తరగతిలో ఒక పిల్లల టోర్నీ సెమీఫైనల్లో ఫుజీని ఓడించి ఏడిపించింది ఇతనే. కానీ ప్రొఫెషనల్ అయ్యేసరికి 2020 అక్టోబరు, అంటే నాలుగేళ్ళు వెనక. 2023 ర్యూఓ పోరులో 0-4, తర్వాత కిఓలో ఒక్క ఆటా గెలవకుండా ఓటమి. 'వయసు ఒకటే గానీ స్థాయి వేరు' అన్నారు. 2024 జూన్ 20న ఎయిఓ ఐదో ఆటలో గెలిచి 3-2తో టైటిల్ లాక్కున్నాడు. అప్పటిదాకా ఫుజీ ఆడిన 22 టైటిల్ పోరుల్లో ఒక్కటీ ఓడలేదు. ఎనిమిది కిరీటాలు 254 రోజులు నిలిచాయి. 2025 అక్టోబరులో ఓజా కూడా ఇతో తీసుకున్నాడు, మళ్ళీ 3-2తోనే. దాంతో ఫుజీకి ఆరు, ఇతోకు రెండు.

దీన్ని ఫుజీ పతనం అని రాస్తున్న వాళ్ళతో నేను ఏకీభవించను. 2017 నుంచి 2023 దాకా ఏ ఆర్థిక సంవత్సరంలోనూ అతని గెలుపు శాతం 80 కిందికి రాలేదు, అది వింత. ఇతో గెలిచిన రెండు పోరులూ ఒక్క రోజులో ముగిసే ఆటలవి. రెండు రోజుల పోరుల్లో, అంటే ర్యూఓ, మెయిజిన్, ఓయి, ఓషోల్లో, ఒక్కొక్కరికి ఎనిమిది, తొమ్మిది గంటలు దొరుకుతాయి. 2025 చివరిదాకా అక్కడ ఫుజీని ఎవరూ దించలేదు. తీరిగ్గా ఆలోచించనిస్తే అతన్ని ఓడించడం కష్టం, గడియారం తరుముతుంటే ఓడించొచ్చు. ఇతో ఆ తేడాను పట్టుకున్నాడని నా అభిప్రాయం.

చూడాలనుంటే మామూలు ఆటలతో మొదలుపెట్టకండి, భాష రాకపోతే విసుగొస్తుంది. రెండు రోజుల పోరుల్లో రెండో రోజు మధ్యాహ్నం టీ అయ్యాక పెట్టండి. అంచనా పట్టీ కదలడం అప్పుడే మొదలవుతుంది. పావుల మీద రాసినవి చదవలేకపోయినా ఎవరి గడియారంలో ఎంత మిగిలిందో కనిపిస్తుంది. ముందు ఆ రెండూ చూడటం అలవాటు చేసుకుంటే, ఎత్తులు నెమ్మదిగా అర్థమవుతాయి.